మామిడి తోటలో ఒక పూట, ఇంట్లో యేడాది తొక్కు

మా ఇంట్లో ఒక యేడు తొక్కు బతుకమ్మ పండుగ దాకా నిలవలేదు. వానాకాలం సగం గడిచేసరికి ముక్కలన్నీ మెత్తబడి జాడీలో గుజ్జు మిగిలింది. కారం, ఉప్పు, నూనె ఎప్పుడూ పోసే కొలతలే. మా అత్తమ్మ ఒక ముక్కను వేళ్ల మధ్య నలిపి చూసి, "కొలతల తప్పు లేదు బిడ్డా, కాయ తెంపిన కాన్నే తప్పు జరిగింది" అన్నది. నిజమే. ఆ యేడు తోటలో బోరు కిందనే కాయలు కడిగి, తడి ఆరకముందే ప్లాస్టిక్ సంచుల్లో మూతి కట్టి, మే ఎండలో మూడు గంటలు కారు డిక్కీలో పెట్టి తెచ్చాం. గాలికి రాలిన కాయల్ని తెంపిన వాటిలో కలిపేశాం. ఇంటికొచ్చాక రెండు రోజులు మూలకు పెట్టి, తీరిక దొరికాక కొట్టించాం.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. తెంపేటప్పుడే ప్రతి కాయా ఎటు పోతుందో తేల్చేస్తాం: ఈ రాత్రి పప్పులోకా, తొక్కు జాడీలోకా, ఒరుగుల చాప మీదికా, మాగబెట్టే గడ్డిలోకా. హన్మకొండ నుంచి చీకటితో బయల్దేరి మధ్యాహ్నానికి తిరిగొచ్చే ఆ ప్రయాణాన్ని, తర్వాతి వారం రోజుల వంటను, మొదటిసారి పోయేవాళ్లకు పనికొచ్చేలా వరుసగా రాస్తున్నాను.

ఎప్పుడు, ఎటు

ఉత్తర తెలంగాణలో మామిడి అంటే ముందు జగిత్యాల గుర్తొస్తుంది. బంగినపల్లి, దసేరి తోటలు ఎక్కువ. పట్టణం పక్కనున్న చల్‌గల్ మామిడి మార్కెట్ నుంచి కాయ ఢిల్లీ దాకా పోతుంది. ఉత్తరాది దసేరి జూన్‌లో గానీ చేతికి రాదు కాబట్టి అంతకు ముందే పక్వానికొచ్చే మన కాయకు అక్కడ గిరాకీ. హన్మకొండ నుంచి ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదుగా కరీంనగర్ దాదాపు 70 కిలోమీటర్లు, అక్కడి నుంచి కొండగట్టు దాటి జగిత్యాల మరో 50. అంత దూరం వద్దనుకునేవాళ్లకు నర్సంపేట, మహబూబాబాద్ వైపు కూడా తోటలున్నాయి. మొదటిసారి పిల్లలతో పోతుంటే దగ్గరి తోటే మేలు.

తొక్కు కాయకు భరణి కార్తె సగం నుంచి కృత్తిక కార్తె దాకా మంచి కాలం. అంటే మే మొదటి వారం నుంచి మూడో వారం వరకు. అంతకు ముందు పోతే టెంక గట్టిపడదు. మృగశిర చినుకులు పడ్డాయంటే పండు ఈగ బెడద పెరుగుతుంది. అది తోలు కింద గుడ్లు పెడుతుంది, పైకి నిగనిగలాడే కాయను కోస్తే లోపల పురుగు కనిపిస్తుంది. గాలిదుమారమో వడగండ్లో పడ్డ మర్నాడు మాత్రం ఏ తోటకూ పోవద్దు. చెట్టు మీద మిగిలిన కాయకూ దెబ్బ తగిలి ఉంటుంది. పైగా, యేడాది కష్టం నేల మీద పడి ఉన్న రోజున రైతు ఇంటి ముందు గంపలు పట్టుకొని నిలబడడం మనకే బాగుండదు.

తోట కంటే ముందు గుత్త సంగతి అడగండి

పట్నంలో ఉండేవాళ్లకు తెలియని విషయం ఇదొకటి. చాలామంది రైతులు తోటను పూత మీదనో పిందె మీదనో గుత్తకిస్తారు. ఆ తర్వాత ఆ యేటి కాపు మీద హక్కు గుత్త పట్టిన వ్యాపారిది. భూమి, చెట్టు రైతువే, కాయ మాత్రం ఆయనది కాదు. ఇది తెలియక మేము ఒకసారి రైతు రమ్మన్నాడని పోయాం. రెండు గంపలు తెంపాక గుత్తేదారు మనిషి వచ్చి ఆపాడు. డబ్బు కట్టి వచ్చేశాం గానీ, మా ముందు ఆ పెద్దమనిషి తలదించుకోవాల్సి రావడం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

కాబట్టి ఫోన్‌లోనే అడిగేయండి: "కాకా, తోట గుత్తకిచ్చిన్రా, మీరే తెంపిస్తున్నరా?" గుత్తకిచ్చి ఉంటే గుత్తేదారుతో మాట్లాడాకే బయల్దేరాలి. ఆ మాటతో పాటే ఇంకో రెండు అడగాలి. ఆఖరుసారి మందు ఎప్పుడు కొట్టారు? మూడు వారాలు దాటితే తప్ప మేము పోము, ఎందుకంటే తొక్కులో తోలుతో సహా ముక్క తింటాం. గట్ల మీద నాటు చెట్లున్నాయా? బంగినపల్లి పండుకు మంచిదే గానీ దాని పులుపు తొక్కుకు సరిపోదు. తోతాపురి కోసుకొని ఉప్పూ కారం అద్దుకు తినడానికి, పులిహోరకు బాగుంటుంది. తొక్కుకు కావాల్సింది పీచున్న, గట్టి కండ ఉన్న, పండ్లు జివ్వుమనిపించే నాటు పుల్ల కాయ.

ధర ముందే తేల్చుకోండి. ఆ రోజు మార్కెట్ రేటు కంటే కొంచెం ఎక్కువే ఇస్తాం మేము. ఏరుకొని తెంపుతున్నాం కదా, మిగిలిన సరుకు రైతుకు తక్కువ ధర పలుకుతుంది.

నలుగురున్న ఇంటికి మేము తెచ్చే లెక్క ఇది: తొక్కుకు ఏడు కిలోల నాటు కాయ, ఒరుగులకు మూడు కిలోలు, మాగబెట్టడానికి పది కిలోల బంగినపల్లి, ఆ వారం పప్పు, పులుసులకు రెండు కిలోలు. ఆశకు పోయి ముప్పై నలభై కిలోలు తెస్తే మూడో రోజుకు చేసే చేయి అలిసిపోతుంది, కాయ పాడవుతుంది.

ముందు రాత్రి సర్దుకోవలసినవి

చిక్కం కట్టిన గడ తోటలోనే ఉంటుంది. మీరు తీసుకుపోవలసింది కొమ్మలు కత్తిరించే చిన్న కత్తెర, నాలుగు గంపలు లేదా గాలి ఆడే ప్లాస్టిక్ ట్రేలు, వాటి అడుగున వేయడానికి వరిగడ్డి, రెండు మూడు పాత నూలు చీరలు. గంపకో గుర్తు కట్టుకోండి, మేము రంగు గుడ్డ ముక్కలు ముడేస్తాం.

నిండు చేతుల పాత బట్టలు వేసుకోవాలి. మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం. ఆ కుటుంబం గుణమే సొనలో ఉంది, చర్మానికి తగిలితే మంట, కొందరికి బొబ్బలు. బట్టకు అంటితే మరక పోదు. చేతులకు, మెడకు కొబ్బరినూనె రాసుకొని దిగాలి, సబ్బు ముక్క జేబులో ఉండాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఒక క్యాన్ నిండా ఉప్పేసిన సల్ల తప్పనిసరి. మే నెలలో ఈ వైపు ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి.

తినడానికి మేము జొన్న రొట్టెలు, ఉల్లిగడ్డలు, చిన్న డబ్బాలో ఉప్పు, జీలకర్ర, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి పట్టుకుపోతాం. తోటలో రోలు ఎట్లాగూ ఉంటుంది. అప్పుడే తెంపిన పుల్ల కాయ ఒకటి ముక్కలు చేసి వాటితో కలిపి కచ్చాపచ్చాగా దంచితే రొట్టెలోకి తొక్కు సిద్ధం. ఆ రుచికి పోపు కూడా అవసరం లేదు.

చెట్టు కింద

నాలుగున్నరకు హన్మకొండలో బయల్దేరితే ఏడు గంటలకల్లా తోటలో ఉంటాం. పదింటికి తెంపడం ఆపేయాలి. ఎండ ముదిరాక మనిషికీ కష్టమే, తెంపిన కాయకూ కష్టమే.

చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి పైకి చూడండి. ఆకుల్ని కలిపి కుట్టినట్టు ఎర్ర చీమల గూళ్లున్న కొమ్మను వదిలేయండి. గడ తగిలిందంటే చీమలన్నీ మెడ మీద పడతాయి.

కాయను ముందు కంటితో చూడాలి. తొడిమ పక్కన భుజాలు ఉబ్బి, తొడిమ చిన్న గుంతలో కూర్చున్నట్టుంటే కాయ ముదిరింది. తోలు మీది చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి, ముదురాకుపచ్చ కాస్త తేలికవుతుంది. భుజాలు ఇంకా తొడిమ నుంచి కిందికి వాలినట్టుంటే లేత కాయ, పప్పుకు తప్ప దేనికీ పనికిరాదు. తొక్కు కాయకు ఒకటి కోసి చూడడమే గట్టి పరీక్ష. కత్తి టెంక దగ్గర ఆగాలి, కండ లోపల తెల్లగా ఉండాలి. పసుపు గీత కనిపించిందంటే పండుబారుతోంది, ఆ చెట్టు తొక్కుకు దాటిపోయింది.

ఇక తెంపడం. చిక్కంలో కాయను నిలిపి, అంచుకున్న కత్తితో తొడిమను ఒక అంగుళం ఉండేట్టు తెంపాలి. గడతో గుంజితే తొడిమ మొదలంటా ఊడి సొన బుస్సుమని చిమ్ముతుంది. పొద్దుటి పూట చెట్టు నిండా నీరుంటుంది కాబట్టి సొన మరీ జోరుగా వస్తుంది. అది కారిన చోట తోలు నల్లబడి, మాగేటప్పుడు అక్కడి నుంచే కుళ్లుతుంది. చేతికందే కాయైతే కత్తెర వాడండి. కింద ఇద్దరు చీర పట్టుకొని నిలబడితే చిక్కం నుంచి జారిన కాయ నేలకు తగలదు. పిల్లలకు ఈ పనే ఇవ్వండి, చాలా ఇష్టంగా చేస్తారు.

నీడలోకి తెచ్చాక తొడిమను దగ్గరికి కత్తిరించి, కాయను తలకిందులుగా వరిగడ్డి మీద నిలబెట్టాలి. అరగంటలో సొన కారిపోతుంది. మట్టి మీద పెట్టవద్దు, కత్తిరించిన చోట మట్టి అంటితే తెగులు పడుతుంది. ఇక్కడ ఓపిక పట్టలేక చాలామంది కాయల్ని నేరుగా సంచిలో పోస్తారు. మా పాడైపోయిన తొక్కు కథలో సగం తప్పు ఈ అరగంటదే.

రాలిన కాయల్ని రైతు ఊరికే ఇస్తాడు, తెచ్చుకోండి. వాటికి వేరే గంప పెట్టండి, ఒక్కటి కూడా తెంపిన కాయల్లో కలవకూడదు. పైకి కనబడని దెబ్బ లోపల ఉంటుంది.

ఇంటికి తేవడం

తోటలో కాయలు కడగవద్దు. గంప అడుగున గడ్డి, పైన రెండు మూడు వరుసలే కాయలు, మీద నూలు చీర. కారులో మనుషులు కూర్చునే చోటే గంపలు పెట్టి, సామాన్లు డిక్కీలో వేయండి. దారిలో ఎక్కడ ఆగినా చెట్టు నీడ చూసుకొని ఆపండి. కొండగట్టు అంజన్న దర్శనం మేము పోయేటప్పుడు పెట్టుకోము, వచ్చేటప్పుడూ పెట్టుకోము. దానికి ఇంకో రోజు పోతాం. కాయలు కారులో ఉన్నంతసేపూ ఇంటి ధ్యాసే ఉండాలి.

అరుగు మీద నాలుగు కుప్పలు

ఇంటికి చేరగానే, స్నానాల కంటే ముందు, గంపలు నీడలో దింపి కాయల్ని నాలుగు కుప్పలు చేస్తాం. తెంపేటప్పుడు వేసుకున్న లెక్కను ఇక్కడ చేత్తో మరోసారి సరిచూసుకోవడమన్నమాట. గట్టిగా, మచ్చ లేకుండా ఉన్న నాటు కాయలు తొక్కుకు. రాలినవీ, దెబ్బతిన్నవీ, కొంచెం లేతవీ మంచి భాగం వరకు ఒరుగులకు. మరీ దెబ్బతిన్నవి ఆ రాత్రి వంటకు. బంగినపల్లి గడ్డిలోకి. అనుమానం వచ్చిన కాయను ఎప్పుడూ ఒక మెట్టు కిందికే వేయండి: తొక్కుకు అనుమానమైతే ఒరుగుకు, ఒరుగుకు అనుమానమైతే పప్పుకు.

ఆ రాత్రి వంట

ఎండన పడి వచ్చిన ఒంటికి మామిడికాయ పచ్చి పులుసు కంటే హాయైనది లేదు. రెండు కాయల్ని బొగ్గుల మీదనో స్టవ్ మంట మీదనో తోలు నల్లబడేదాకా కాల్చాలి. చల్లారాక తోలు తీసి గుజ్జు పిసికి, నాలుగు గ్లాసుల నీళ్లు పోయాలి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కాల్చి నలిపిన రెండు పచ్చిమిర్చి, ఉప్పు, చిటికెడు బెల్లం, కొత్తిమీర. రెండు చెంచాల నువ్వులు వేయించి పొడి చేసి కలిపితేనే అది మన పచ్చి పులుసు అవుతుంది. పైన ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. పోపు పడ్డాక పులుసును మళ్లీ పొయ్యి మీద పెట్టకూడదు.

పక్కన కందిపప్పు. పప్పు ముందు ఉడకాలి, ఆ తర్వాతే మామిడి ముక్కలు వేయాలి. రెండూ ఒకేసారి కుక్కర్‌లో వేస్తే పులుపుకు పప్పు బిరుసెక్కుతుంది. టెంక పారేయకండి, పప్పులోనే వేయండి. దాన్ని చీకడానికి మా ఇంట్లో పెద్దవాళ్లే ముందు చేయి చాపుతారు.

తొక్కు

మర్నాడే పెట్టాలి, వాయిదా వద్దు. ముందు రాత్రే కాయల్ని మంచినీళ్లలో కడిగి, ఒక్కొక్కటి పొడి గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద నూలు బట్ట మీద తెల్లవార్లూ ఆరబెట్టాలి. పొద్దున్నే మార్కెట్ దగ్గర కాయలు కొట్టేవాళ్ల దగ్గరికి తీసుకుపోతాం. సొంత గుడ్డ పట్టుకుపోయి, కత్తిని, పీటను తుడిపించి కొట్టించండి. ఒక్కో ముక్కకూ టెంక పెంకు అంటుకొని ఉండాలి. ముక్కను యేడాది గట్టిగా నిలబెట్టేది ఆ పెంకే. లోపలి జీడిని, దానికి అంటుకున్న కాగితం లాంటి పొరను తీసేసి, ముక్కల్ని పొడి బట్టతో తుడిచి రెండు గంటలు నీడలో ఆరనివ్వాలి. ఏడు కిలోల కాయకు దాదాపు ఐదు కిలోల ముక్కలు వస్తాయి.

ఐదు కిలోల ముక్కలకు మా అత్తమ్మ కొలత: ఎండబెట్టి దంచిన దొడ్డుప్పు 800 గ్రాములు, కారం 800 గ్రాములు, ఆవపిండి 300 గ్రాములు, వేయించి పొడి చేసిన మెంతులు 80 గ్రాములు, జీలకర్ర పొడి 100 గ్రాములు, రెండు చెంచాల పసుపు, అల్లం పావు కిలో, ఎల్లిగడ్డ అర కిలో, నూనె రెండు లీటర్లు. నువ్వుల నూనె గానీ పల్లి నూనె గానీ. ఆరోగ్యమని ఉప్పు తగ్గించవద్దు. తొక్కును కాపాడేది ఉప్పే. తక్కువ తినాలనుకుంటే కంచంలో తగ్గించుకోండి.

కారం గురించి ఇంకొంచెం చెప్పాలి. మా వరంగల్ వాళ్లకు చపాటా మిర్చి ఉండగా రంగు కోసం వేరే దేన్నీ చూడాల్సిన పని లేదు. టమాట మిర్చి అని కూడా అంటాం, బొద్దుగా ఉంటుంది. ఎర్రటి ఎరుపు, ఘాటు తక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేము పంట దిగే రోజుల్లోనే కొని ఎండబెట్టి పెట్టుకుంటాం. మూడు పాళ్లలో రెండు పాళ్లు చపాటా, ఒక పాలు తేజ కలిపి పట్టిస్తే రంగు, ఘాటు రెండూ కుదురుతాయి. ఉత్త చపాటాతో పెడితే తొక్కు చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది గానీ నాలుకకు చాలదు.

నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేసి దించేయండి. కరివేపాకు వద్దు, దాని తడి చేటు చేస్తుంది. నూనె గోరువెచ్చగా అయ్యాక, నీళ్లు చుక్క పోయకుండా నూరిన అల్లం ఎల్లిగడ్డ ముద్ద కలపాలి. పచ్చి వాసన ఆ వేడికే పోతుంది. తర్వాత పూర్తిగా చల్లారనివ్వాలి, దీనికి మూడు నాలుగు గంటలైనా పడుతుంది. వేడి నూనె పోస్తే కారం నల్లబడుతుంది, ముక్క ఉడికినట్టయి మెత్తబడుతుంది. వెడల్పు బేసిన్‌లో పొడులన్నీ కలిపి, ముక్కలు వేసి, చల్లారిన నూనె పోసి చేత్తో కింది నుంచి పైకి తిప్పుతూ కలపాలి. చేయి, గాజులు, గరిటె అన్నీ పొడిగా ఉండాలి.

జాడీని ముందు రోజే కడిగి ఎండలో పెట్టాలి. తొక్కు నింపి మూతికి నూలు గుడ్డ కట్టి మూడు రోజులు కదపవద్దు. మూడో రోజు తిరగగలిపి ఉప్పు చూడాలి. అప్పటికి ముక్కల మీద ఒక అంగుళం నూనె తేలకపోతే ఇంకొంచెం నూనె కాచి, చల్లార్చి పోయాలి. రోజూ వాడడానికి చిన్న సీసాలోకి తీసుకోండి, పెద్ద జాడీని నెలకోసారి మించి తెరవవద్దు. బేసిన్‌కు అంటుకున్న కారంలో మాత్రం ఆ పూటే వేడి అన్నం కలిపి ఇంటిల్లిపాదీ తలా ముద్ద తినాలి. అందులో ఆలస్యం పనికిరాదు.

ఒరుగులు

తోలు తీసి, దెబ్బ తగిలిన భాగం కోసేసి, చిటికెన వేలు మందాన పొడుగు ముక్కలు తరగాలి. కిలో ముక్కలకు 50 గ్రాముల ఉప్పు, చిటికెడు పసుపు పట్టించి రాత్రంతా ఉంచి, ఊరిన నీళ్లు వంపి, డాబా మీద చాపలో ఎండబెట్టాలి. మన ఎండకు నాలుగు రోజులు చాలు. విరిస్తే పుటుక్కుమని విరగాలి. రాత్రిళ్లు తప్పకుండా లోపల పెట్టండి. ముసురు పట్టి కూరగాయలు దొరకని రోజున గుప్పెడు ఒరుగులు నానబెట్టి పప్పులో వేస్తే మే నెల పులుపంతా తిరిగొస్తుంది.

గడ్డిలో బంగినపల్లి

మాగబెట్టే కాయల్ని కడగవద్దు. పక్వం మీద అనుమానముంటే చెట్టుకో కాయ చొప్పున బకెట్ నీళ్లలో వేసి చూడండి. ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. తేలిన చెట్టు కాయలు మాగినా తీపెక్కవు, వాటిని పులిహోరకో ఒరుగులకో మళ్లించండి.

చీకటి గదిలో నేల మీద నాలుగు వేళ్ల మందాన వరిగడ్డి, దాని మీద ఒకదానికొకటి తగలకుండా కాయలు, మళ్లీ గడ్డి. రెండు వరుసలకు మించవద్దు. పచ్చి కాయను ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చలికి తోలు మచ్చలు పడి తర్వాత సరిగ్గా మాగదు. కార్బైడ్ పొట్లం ఊసే వద్దు. దానితో పండ్లు మాగబెట్టడం నిషేధం, అయినా అది పైతోలుకు రంగు తెస్తుందే తప్ప లోపల తీపి తేలేదు. మూడో రోజు నుంచి రోజూ గడ్డి తీసి చూడండి. తొడిమ దగ్గర నల్లబడిన కాయ ఒక్కటి కనిపించినా వెంటనే తీసేయాలి. ఆరు, ఏడు రోజులకు గది తలుపు తీయగానే వాసన ముఖానికి తగులుతుంది. అప్పుడు రోజుకు నాలుగైదు చొప్పున తీసి, బకెట్ నీళ్లలో గంటసేపు వేసి, చల్లబడ్డాక కోసుకోండి. మరీ మెత్తబడిన వాటి రసం పిండి, కొంచెం బెల్లం కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలో పలుచగా పోసి డాబా మీద పెట్టండి. ఒక పొర ఆరాక దాని మీద ఇంకో పొర. రోహిణి ఎండలు పోయేలోగా వేలెడు మందం తాండ్ర తయారవుతుంది.